విశాల దేశం, చిన్న మూట

మన దేశం ఉత్తరం నుండి దక్షిణానికి 3,214 కిలోమీటర్లు, తూర్పు నుండి పడమరకు 2,933 కిలోమీటర్లు విస్తరించి ఉంది. కన్యాకుమారి నుండి అస్సాంలోని దిబ్రూగఢ్ వరకు నడిచే వివేక్ ఎక్స్‌ప్రెస్ తన దారి ముగించడానికి మూడు పగళ్ళు, మూడు రాత్రులు కూడా చాలవు. ఒకే నెలలో ఒక చోట మంచు కురుస్తుంటే మరొక చోట పంకా కింద కూర్చున్నా చెమట ఆరదు. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలకు చోటు ఉంది. షెడ్యూలుకెక్కని భాషలు మరెన్నో. ఇటువంటి దేశాన్ని ఒక్కసారైనా తిరిగి చూడాలన్న కోరిక ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆ కోరికను నెల జీతంలో ఇమిడ్చే ఉపాయం తోచక చాలా కుటుంబాలు ఆ మాట ఎత్తడమే మానివేస్తాయి. మరి కొన్ని కుటుంబాలు అప్పు చేసి బయలుదేరుతాయి. ఈ రెండింటికీ నడుమ ఒక దారి ఉంది. మదరసాలో పాఠాలు చెప్పుకొని బ్రతికే మేము ఐదుగురు సభ్యుల కుటుంబంతో ఢిల్లీ, ఆగ్రాలు చూసి వచ్చిన ఖర్చు లెక్కను పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ఒక యాత్రికుని బాకీ

మొరాకో దేశపు తాంజియర్ నగరానికి చెందిన ఇబ్న్ బతూతా 1333లో సింధు నది ఒడ్డుకు చేరి మన దేశంలో అడుగుపెట్టారు. ధర్మశాస్త్రం చదువుకున్నవారు గనుక ఢిల్లీలో సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆయనను ఖాజీగా నియమించారు. విదేశాల నుండి వచ్చినవారు సుల్తానుకు కానుకలు సమర్పించడం అప్పటి ఆనవాయితీ. సుల్తాను ఆ కానుకకు ఎన్నో రెట్లు తిరిగి ఇస్తారన్న నమ్మకంతో వర్తకులు ఆ వచ్చినవారికి ముందుగానే అప్పులు ఇచ్చేవారు. ఇబ్న్ బతూతా కూడా అదే విధంగా అప్పు తీసుకున్నారు. ఆ అప్పు 55 వేల దీనార్లకు చేరిందనీ, వర్తకులు వెంటపడ్డారనీ, చివరకు సుల్తాను ఖజానా నుండే అది తీరిందనీ ఆయనే తన యాత్రాగ్రంథంలో చెప్పుకున్నారు. తరువాత సుల్తాను ఆయనను రాయబారిగా చైనాకు పంపితే, నేటి అలీగఢ్ సమీపంలో దుండగుల చేతికి చిక్కి దోపిడీకి గురయ్యారు. అక్కడి నుండి బయటపడి కాలికట్ రేవు చేరితే, చైనా చక్రవర్తికి తీసుకుపోవలసిన కానుకల ఓడ తుఫానులో పాడైపోయింది.

ఆయన మహా యాత్రికులు. మనం సామాన్య సంసారులం. అయినా ప్రయాణపు లెక్క వేసుకునేవారికి ఆయన చరిత్ర రెండు విషయాలు నేర్పుతుంది. మొదటిది, రేపు వస్తుందనుకున్న డబ్బును నేడు ఖర్చు చేయరాదు. రెండవది, దారిలో ఏదో ఒకటి తప్పక పోతుంది గనుక దానికి వేరుగా కొంత సొమ్ము కట్టి ఉంచుకోవాలి. బాకీ తీర్చిపెట్టే సుల్తాను మనకెవరూ లేరు.

నేడు "ముందు తిరిగి రండి, తరువాత వాయిదాలలో చెల్లించండి" అనే ప్రకటనలు ప్రతి చేతిలోని ఫోనులోనూ కనిపిస్తున్నాయి. మా పరిచయస్తులలో ఒక కుటుంబం ఆ విధంగానే ఒక చల్లని ప్రదేశానికి వారం రోజులు వెళ్ళి వచ్చింది. ఏడాదిన్నర పాటు ప్రతి నెలా వడ్డీతో సహా వాయిదా కట్టారు. ఆ ఏడాదిలోనే అమ్మాయి కళాశాల రుసుము చెల్లించవలసి వచ్చేసరికి తల్లి చేతి గాజులు తాకట్టుకు పోయాయి. వడ్డీ విషయంలో మన ధర్మం చెప్పినది పాఠకులకు తెలిసినదే. ఆ మాట ప్రక్కన పెట్టినా, ఆ యాత్ర ఫోటోలు చూసుకునే ఉత్సాహం ఆ ఇంట్లో ఎవరికీ మిగలలేదు.

కొలబద్ద ఎవరు?

మేము నెలకు 2,500 రూపాయల చొప్పున రెండేళ్ళు కూడబెట్టగా 60 వేలు అయ్యాయి. ఇందులో మదరసా జీతం కొంత, సాయంత్రాలు ఇళ్ళకు వెళ్ళి ఖుర్ఆన్ చదివించినందుకు అందినది కొంత, మా శ్రీమతి కుట్టుపని మీద వచ్చినది కొంత. బయలుదేరేవారు ఐదుగురు: 74 ఏళ్ళ మా తల్లిగారు, మేమిద్దరం, 16 ఏళ్ళ అమ్మాయి, 10 ఏళ్ళ అబ్బాయి.

ఒక రాత్రి ఇషా నమాజు తరువాత అందరినీ కూర్చోబెట్టి ఎవరేమి చూడదలచారో చెప్పమన్నాము. అబ్బాయి కాశ్మీరు మంచు అన్నాడు. 2025 జూన్‌లో రైళ్ళకు తెరిచిన చీనాబ్ వంతెన గురించి బడిలో విని ఉన్నాడు. నది మీద 359 మీటర్ల ఎత్తున రైలు పోతుందంటే ఆ వయసు పిల్లవాడికి మరేదీ పట్టదు. అమ్మాయి తాజ్ మహల్ అన్నది. మా మనసు లక్నో, దేవ్‌బంద్‌ల గ్రంథాలయాల మీద ఉంది. మా తల్లిగారు ఒక్కటే కోరారు: "ఢిల్లీ జామా మస్జిద్‌లో రెండు రకాతులు చదువుకుంటే నాకు చాలు నాయనా. మోకాళ్ళు ఇంకొక ఏడాదికి మాట వింటాయో లేదో."

మా శ్రీమతి ఏ ఊరి పేరూ చెప్పలేదు. లెక్క మొదలుపెట్టబోతుండగా ఒక మాట మాత్రం అన్నారు: "వంటగది ఉన్న గది తీసుకుంటే చవక అని అందరూ అంటారు. ఆ చవక ఎవరి చేతుల మీదుగా వస్తుందో కూడా ఆ కాగితంలో రాయండి."

ఆ రాత్రి మా ఇంట వ్యయ ప్రణాళికకు పునాది పడింది ఆ మాట మీదనే. కాగితం మీద కనిపించే ప్రతి పొదుపునూ ఎవరో ఒకరు తమ శరీరంతో చెల్లిస్తారు. వంటగది ఉన్న గది ఆదా చేసే సొమ్ము ఇంటి ఇల్లాలి పది రోజుల పొయ్యి పని. లిఫ్టు లేని మూడవ అంతస్తు గది ఆదా చేసేది వృద్ధురాలి మోకాళ్ళు. బెర్తు లేని సగం టికెట్టు ఆదా చేసేది ఆ బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లి నిద్ర. ఇవి లెక్కలోకి ఎక్కవు గనుక అవి ఉచితమని భ్రమ కలుగుతుంది.

దైవప్రవక్త (స) ప్రయాణాలలో బృందానికి వెనుకగా ఉండి, వెనుకబడిన బలహీనులను ముందుకు నడిపించేవారని, కాలినడకన ఉన్నవారిని తమ వెనుక వాహనంపై ఎక్కించుకునేవారని హదీసులలో ఉంది. నమాజుకు నాయకత్వం వహించేవారు తమ వెనుక బలహీనులు, రోగులు, వృద్ధులు ఉంటారని గుర్తుంచుకొని దానిని తేలికగా నడిపించాలని కూడా వారు ఆదేశించారు. మస్జిద్‌లో ఇమామ్‌కు వర్తించే ఈ నియమం కుటుంబాన్ని వెంటబెట్టుకొని బయలుదేరే యజమానికి మాత్రం ఎందుకు వర్తించదు? బృందంలో అందరికన్నా బలహీనుని అడుగే ఖర్చుకు కొలబద్ద కావాలని మేము నిర్ణయించుకున్నాము. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్న సున్నత్ ప్రకారం ప్రయాణానికి అమీరు మేమే అయినా, లెక్కల పుస్తకానికి అమీరు మాత్రం మా అమ్మాయి. ఆమె పుస్తకంలో మూడు గడులు గీసింది. మొదటి గడిలో ఖర్చు పేరు, రెండవ గడిలో మొత్తం, మూడవ గడిలో "ఇక్కడ తగ్గిస్తే ఎవరు మోస్తారు?" అన్న ప్రశ్న.

దేశం కాదు, ఒక దిక్కు

విశాల దేశంలో మొదటి ఖర్చు దూరమే. అందుకే మొదటి పొదుపు కూడా దూరం దగ్గరే సాధ్యమవుతుంది. ఒక యాత్రకు ఒక దిక్కును మాత్రమే ఎంచుకోవాలి. ప్రతి దిక్కుకూ బయటకు కనిపించని ధర ఒకటి ఉంటుంది. లద్దాఖ్‌లోని లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక, వెళ్ళిన మొదటి రెండు రోజులు ఆ గాలికి శరీరం అలవాటు పడే వరకు ఏమీ చూడకుండా గదిలో విశ్రమించాలి. ఆ రెండు రోజుల బస, భోజనం కూడా లెక్కలో రాసుకోవాలి. కాశ్మీరులో ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు. ఉన్ని దుస్తులు మనవంటి వేడి ప్రాంతాలవారు కొత్తగా కొనుక్కోవలసినవే. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం రాష్ట్రాలకు ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. లక్షద్వీప్‌కు కూడా ముందస్తు అనుమతి ఉండాలి. కేరళ, తమిళనాడులలో మన తెలుగూ, మన దక్కనీ ఉర్దూ అంతంత మాత్రంగానే అక్కరకొస్తాయి. భాష తెలియని చోట ప్రతి ఆటో బేరమూ కొంత ఎక్కువకే తెగుతుంది.

ఢిల్లీ, ఆగ్రాల విషయంలో ఈ గుప్త వ్యయాలు మాకు తక్కువగా కనిపించాయి. భాష వస్తుంది. మన "నక్కో", "హౌ" విని అక్కడివారు నవ్వుతారే తప్ప మాట అర్థం కాకపోదు. అనుమతుల బెడద లేదు. హలాల్ భోజనం అడుగడుగునా దొరుకుతుంది. పైగా మా తల్లిగారి కోరిక అక్కడే ఉంది. అందువల్ల కాశ్మీరు, లక్నో, దేవ్‌బంద్‌లు మూడూ జాబితా నుండి తొలగిపోయాయి. గ్రంథాలయాలు వదులుకోవడం మాకు సులువు కాలేదు. అబ్బాయి ముఖం మరీ చిన్నబోయింది. వాడికి ఏ సమాధానమూ చెప్పకుండా, దాదీ చేతికర్ర, మడత స్టూలు మోసే బాధ్యత అప్పగించాము. ప్రయాణంలో తనకంటూ ఒక పని ఉన్న పిల్లవాడు అలక మీద ఎక్కువ సేపు నిలవడు.

రైలు లెక్క

హైదరాబాదు నుండి న్యూఢిల్లీ 1,600 కిలోమీటర్ల పైచిలుకు దూరం. వేగంగా పోయే రైలుకు కూడా ఒక పగలు, ఒక రాత్రి పట్టే ప్రయాణం. థర్డ్ ఏసీ చార్జీ స్లీపర్ చార్జీకి రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది. ఐదుగురికి రానూపోనూ స్లీపర్ అయితే మా లెక్కలో ఏడు వేల పైన, థర్డ్ ఏసీ అయితే పంతొమ్మిది వేల పైన తేలింది. ఈ పన్నెండు వేల తేడాను ఎవరు మోస్తారని అమ్మాయి మూడవ గడిలో అడిగింది. కిక్కిరిసిన స్లీపర్ పెట్టెలో రాత్రివేళ మరుగుదొడ్డికి వెళ్ళి రావడం 74 ఏళ్ళ మనిషికి ఎంత కష్టమో అందరికీ తెలుసు. లక్నో వదులుకోగా మిగిలిన సొమ్ము ఇక్కడ ఖర్చు చేశాము.

రైల్వే నియమాలు కొన్ని తెలిసి ఉంటే ఎవరి మీదా భారం పడని పొదుపు కూడా చేయవచ్చు. 2024 నవంబరు 1 నుండి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గింది. పండుగ సెలవులలో ప్రయాణించేవారు ఆ అరవయ్యవ రోజు ఉదయం 8 గంటలకే సిద్ధంగా ఉండాలి. ఆలస్యం చేస్తే మిగిలేది తత్కాల్. దానికి అదనపు రుసుము ఉంటుంది, ఖరారైన తత్కాల్ టికెట్టు రద్దు చేసుకుంటే సొమ్ము తిరిగి రాదు. వృద్ధులకు గతంలో ఉన్న చార్జీ రాయితీ 2020 మార్చిలో నిలిచిపోయింది. అయితే 60 ఏళ్ళు దాటిన పురుషులకు, 45 ఏళ్ళు దాటిన స్త్రీలకు కింది బెర్తు కేటాయింపులో ప్రాధాన్యం ఉంది. దీనికి పైసా అదనంగా చెల్లించనక్కరలేదు. 5 నుండి 12 ఏళ్ళ లోపు పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ, బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. మా అబ్బాయికి బెర్తు తీసుకున్నాము.

దూరం పెరిగే కొద్దీ కిలోమీటరుకు పడే రైలు చార్జీ తగ్గుతూ పోతుంది. అందువల్ల ఒక పొడవైన ప్రయాణాన్ని ముక్కలు ముక్కలుగా టికెట్లు కొంటే మొత్తం పెరుగుతుంది. పలు నగరాలు చుట్టి బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేవారికి రైల్వేలో సర్క్యులర్ జర్నీ టికెట్ అనే సదుపాయం ఉంది. ఎనిమిది చోట్ల వరకు ఆగవచ్చు. పొడవైన దూరపు తగ్గింపు దీనికి వర్తిస్తుంది. పెద్ద స్టేషన్లలో అడిగితే వివరాలు చెబుతారు. మాకు రెండే నగరాలు గనుక దాని అవసరం పడలేదు. ఢిల్లీ నుండి హైదరాబాదు వచ్చే రైళ్ళు చాలా వరకు ఆగ్రా మీదుగానే వస్తాయి. అందుకని ముందు నేరుగా ఢిల్లీ వెళ్ళి, అక్కడి నుండి ఆగ్రా చేరి, ఇంటికి తిరుగు రైలు ఆగ్రాలోనే ఎక్కే విధంగా టికెట్లు కొన్నాము. వెళ్ళిన దారినే వెనక్కు తిరిగి 200 కిలోమీటర్లు పోవలసిన పని తప్పింది.

బస, భోజనం

గది విషయంలో రెండు ధరలు దొరికాయి. లిఫ్టు లేని మూడవ అంతస్తు పెద్ద గది రోజుకు 1,300. కింది అంతస్తులో అంతే గది 1,800. ఆరు రాత్రులకు తేడా మూడు వేలు. మెట్లు ఎవరు ఎక్కాలో చెప్పనక్కరలేదు. కింది గదే తీసుకున్నాము. జామా మస్జిద్‌కు దగ్గరలో ఉండడం వల్ల ఆటోల ఖర్చు కొంత తగ్గింది.

భోజనంలో నడిమి మార్గం పాటించాము. రైలు ప్రయాణానికి ఇంటి నుండి సజ్జ రొట్టెలు, పప్పుల పొడి, చింతపండు పులిహోర, మామిడి ఊరగాయ కట్టుకున్నాము. సజ్జ రొట్టె ఆరబెట్టి పెడితే నాలుగు రోజులు నిలుస్తుందని మా ప్రాంతపు స్త్రీలకు చెప్పనక్కరలేదు. ఆ మూట కట్టే పనిలో ఇంటిల్లిపాదీ చేయి వేశాము. రొట్టెలు కాల్చినది మా శ్రీమతి, తల్లిగారు. పొడి దంచినది మేము. ఊరికి చేరిన తరువాత పొయ్యి వెలిగించే ప్రసక్తి లేదు. ఉదయం టీ, రొట్టె. మధ్యాహ్నం, రాత్రి బయట భోజనం. ఐదుగురికి రోజుకు 1,300 రూపాయలు. పాత ఢిల్లీ సందులలో నహారీ, ఖమీరీ రొట్టె తిన్న రోజున మా శ్రీమతి నిదానంగా, చివరి ముక్క వరకు వేడిగా తిన్నారు. ఇంట్లో అందరికీ వడ్డించి చల్లారిన తరువాత తినే మనిషి ఆమె. ఆ పూట ఖర్చు 600. అమ్మాయి దానిని పుస్తకంలో రాసి మూడవ గడి ఖాళీగా వదిలివేసింది.

మేము ఒక్క మాట కూడా చేర్చాలి. దైవభీతి లేని చోట ప్రయాణపు మూట ఎంత పెద్దదైనా చిన్నదే. అయితే మూటే లేకుండా దైవం మీద భారం వేసి బయలుదేరడం కూడా సరి కాదు. పూర్వం యెమెన్ నుండి కొందరు ఏ సరంజామా లేకుండా హజ్‌కు వచ్చి, మక్కాలో ప్రజలను యాచించేవారని, ఆ సందర్భంలోనే ప్రయాణానికి కావలసినవి వెంట తీసుకువెళ్ళమన్న ఆదేశం అవతరించిందని ఇబ్న్ అబ్బాస్ (రజి) తెలిపారు. పుణ్యయాత్రకే ఆ నియమం ఉన్నప్పుడు విహారయాత్రకు వేరే చెప్పాలా?

వారం చూసి, ఋతువు చూసి

తాజ్ మహల్ శుక్రవారం సందర్శకులకు మూసి ఉంటుంది. ఎర్రకోటకు సోమవారం సెలవు. ఈ రెండు రోజులు గమనించకుండా గది తీసుకుంటే ఒక రోజు అద్దె వృథా అవుతుంది. మేము గురువారం ఉదయం ఢిల్లీ చేరి, ఆ రోజంతా విశ్రమించి, శుక్రవారం జుమా అక్కడే ముగించి, శని, ఆదివారాలు నగరం చూసి, సోమవారం ఆగ్రాకు తరలి, మంగళవారం తాజ్ చూసి, బుధవారం సాయంత్రం తిరుగు రైలు ఎక్కేటట్లు లెక్క వేశాము.

ప్రవేశ రుసుములు మన దేశస్థులకు భారం కావు. కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధుల వద్ద 40 రూపాయలు, ఆన్‌లైన్‌లో కొంటే 35. తాజ్ మహల్‌కు 50 రూపాయలు, ప్రధాన సమాధి మందిరంలోకి వెళ్ళదలిస్తే మరొక 200. 15 ఏళ్ళ లోపు పిల్లలకు ఈ కట్టడాలన్నింటిలో ఉచితం. మా తల్లిగారు తోటలో కూర్చొని చూస్తానన్నారు గనుక ఆమెకు 50 టికెట్టే తీసుకున్నాము. తాజ్ టికెట్టు మూడు గంటల వరకే చెల్లుతుంది. మెల్లగా నడిచేవారు ఉంటే ఆ సమయాన్ని ముందే లెక్కించుకోవాలి. ఢిల్లీలో మెట్రో చవక. 2025 ఆగస్టులో పెరిగిన తరువాత కూడా గరిష్ఠ చార్జీ 64 రూపాయలే. స్టేషన్లలో లిఫ్టులు ఉండడం వృద్ధులకు గొప్ప సహాయం.

ఋతువు కూడా డబ్బుతో ముడిపడినదే. మే, జూన్‌లలో ఢిల్లీ ఎండకు పగలంతా గదిలో దాగవలసి వస్తుంది. డిసెంబరు, జనవరిలలో పొగమంచు వల్ల రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మదరసాలలో పనిచేసే మావంటి వారికి మరొక చిక్కు ఉంది. మా సెలవులు చాంద్రమాన నెలలను బట్టి ఉంటాయి. అవి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోతాయి. పిల్లల బడి సెలవులు కదలవు. ఆ ఏడాది మా అర్ధ సంవత్సర విరామం దసరా సెలవులతో కలిసి వచ్చింది. అటువంటి కలయిక ఏ ఏడాది వస్తుందో పంచాంగం ముందు పెట్టుకొని చూసుకుంటే రెండేళ్ళ ముందే పొదుపు మొదలుపెట్టవచ్చు.

ముప్పై మూడు మెట్లు

షాజహాన్ 1656లో పూర్తి చేయించిన ఢిల్లీ జామా మస్జిద్ ఎత్తయిన గుట్ట మీద నిలిచి ఉంది. దానికి మూడు ద్వారాలు. తూర్పున 35 మెట్లు, ఉత్తరాన 39, దక్షిణాన 33. ఈ లెక్క ముందే తెలుసుకొని, శనివారం ఉదయం రద్దీ లేని వేళ మా తల్లిగారిని దక్షిణ ద్వారం వద్దకు తీసుకువెళ్ళాము. ఆ పూటకు మరే కార్యక్రమమూ పెట్టుకోలేదు.

ఐదు మెట్లకొకసారి అబ్బాయి స్టూలు వేశాడు. ఆమె కూర్చొని ఊపిరి తీసుకొని, మళ్ళీ వాడి భుజం పట్టుకొని లేచేవారు. ఇరవయ్యవ మెట్టు దగ్గర, "నా కోసం మీ అందరి పొద్దూ పోతున్నది" అన్నారు. "దాదీ, ఈ పొద్దు మీ పేరు మీదనే రాసి ఉంది" అని అమ్మాయి పుస్తకం తెరిచి చూపింది. నిజంగానే ఆ రోజు గడిలో "శనివారం ఉదయం: దాదీ" అని మాత్రమే ఉంది. పైకి చేరేసరికి అర్ధగంట దాటింది. విశాలమైన ఆ ఎర్రరాతి ప్రాంగణాన్ని చూసి ఆమె కొంత సేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత స్టూలు మీద కూర్చునే రెండు రకాతులు చదువుకున్నారు. ఆ రెండు రకాతులకు రుసుము లేదు. అయితే కింది బెర్తు, కింది అంతస్తు గది, ఖాళీగా ఉంచిన ఆ ఉదయం లేకుండా అవి సాధ్యమయ్యేవి కావు.

మిగులు, తగులు

మా 60 వేల పంపకం ఇది. రైళ్ళకు 20,000. బసకు 10,800. ఏడు రోజుల భోజనానికి 9,100. ఊళ్ళలో తిరగడానికి 6,000. ప్రవేశ రుసుములకు 2,000. బంధువులకు కానుకలు 3,000. దారిలో దానధర్మాలు 1,100. ఇక మిగిలిన 8,000 ఎవరూ ముట్టరాని అత్యవసర నిధి. దానిని వేరే సంచిలో కట్టి మా శ్రీమతి దగ్గర ఉంచాము. మొత్తంలో ఎనిమిదవ వంతుకు తగ్గకుండా ఈ నిధి ఉంచుకోవడం మంచిదని మా అభిప్రాయం. నలుగురికీ తలా ఒక జేబులో కొంత డబ్బు ఉండాలి. అలీగఢ్ దగ్గర ఇబ్న్ బతూతాకు జరిగినది నేడు జేబు దొంగ రూపంలో ఎవరికైనా జరగవచ్చు.

ఆ నిధి పని ఆగ్రాలో పడింది. సోమవారం రాత్రి మా తల్లిగారి కాలు వాచింది. వైద్యునికి, మందులకు, మరునాడు ఆటోకు బదులు రోజంతా కారుకు కలిపి 2,700 ఖర్చయింది. ఎవరినీ అడగవలసిన అవసరం రాలేదు, ఏ కార్యక్రమమూ ఆగలేదు. ఆమె తాజ్ తోటలో వేపచెట్టు నీడలో కూర్చొని, లోపలికి వెళ్ళి వచ్చినవారు చెప్పినదంతా విన్నారు.

ఇంత దూరం ఒకేసారి వెళ్ళడానికి జంకే కుటుంబాలకు మా సలహా ఒకటి. ముందు ఒక చిన్న యాత్ర చేసి చూడండి. హైదరాబాదుకు దగ్గరలోని బీదర్‌లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా ఉంది. పేలుడులో సగం కూలినా దాని మీది రంగు పలకలు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. అక్కడి నుండి కలబురగి కోటలోని జామా మస్జిద్, ఆపైన విజయపుర గోల్ గుంబజ్. మూడు రోజులు చాలు. మీ ఇంట్లో ఎవరు ఎంత దూరం నడవగలరో, ఎవరికి ఏ తిండి పడదో, ఎవరు డబ్బు దగ్గర జాగ్రత్తపరులో ఆ మూడు రోజులలో తెలిసిపోతుంది. పెద్ద యాత్ర లెక్క దాని మీద కట్టుకోవచ్చు. దూరప్రయాణంలో నమాజును కుదించుకునే సౌలభ్యం, ఉపవాసం వాయిదా వేసుకునే సౌలభ్యం మనకు ఉన్నాయి. ధర్మమే ప్రయాణికుని శ్రమను అంతగా గుర్తించినప్పుడు మన లెక్కల పుస్తకం కూడా దానిని గుర్తించాలి.

ప్రయాణం ముగించి ఇంటికి చేరేసరికి అత్యవసర నిధిలో 5,300 మిగిలింది. అమ్మాయి పుస్తకంలో చివరి గీత గీసి, ఆ మొత్తాన్ని పాత పొదుపు డబ్బాలోనే వేసింది. డబ్బా మీద కొత్త కాగితం అంటించినది మాత్రం అబ్బాయి. దాని మీద వాడు రాసుకున్నది "కాశ్మీరు". నెలకు 2,500 చొప్పున మళ్ళీ మొదలుపెట్టాము. ఆ యాత్రకు మూడవ గడిలో ఎవరి పేరు ముందు రాయవలసి వస్తుందో అల్లాహ్‌కే తెలుసు. ఆయన ప్రతి కుటుంబానికీ ధర్మసమ్మతమైన సంపాదనలో, ఆరోగ్యంతో, తన సృష్టిని చూసి వచ్చే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.